61 దగ్గర గీసిన గీత

ఒక అమ్మాయికి పొద్దున లేచినప్పుడు బానే ఉంటుంది. మధ్యాహ్నం కాలేజీలో ఎవరో ఏదో అన్నాక "ఉన్నట్టుండి లావైపోయినట్టు అనిపిస్తోంది" అంటుంది. రాత్రి ఇంట్లో మాటామాటా పెరిగితే ఆ అనిపించడం ఇంకా ముదురుతుంది. తెల్లారేసరికి సగానికి సగం తగ్గిపోతుంది. ఈ మొత్తం వ్యవధిలో ఆమె బరువు చెప్పుకోదగ్గంత మారనే లేదు. తిండి రుగ్మతలకు ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చికిత్సా పద్ధతిని రూపొందించిన సైకియాట్రిస్టు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ ఎగుడుదిగుళ్ళను ప్రత్యేకంగా పట్టించుకున్నారు. బరువు గంటగంటకూ మారదు, "లావుగా అనిపించడం" మాత్రం మారుతోంది. కాబట్టి అది కొవ్వుకు సంబంధించిన సమాచారం కాదని ఆయన వాదన. కోపం, విసుగు, ఒంటరితనం, ఒక్కోసారి ఒంటికి బిగుతుగా పట్టేసిన బట్టలు, వీటిలో ఏదో ఒకటి వేరే పేరుతో బయటికి వస్తోందన్నమాట.

ఆ ఏదో ఒకటి ఏమిటో ఆమెకే తెలియకపోతే? ఏ మేరకు తెలియడం లేదో వైద్యుడు ఎలా లెక్కగట్టాలి? జ్వరానికి థర్మామీటరు ఉంది. ఇక్కడేమో, తనకేం అనిపిస్తోందో తెలియని మనిషినే పట్టుకుని "నీకేం అనిపిస్తోందో నీకు తెలుస్తుందా?" అని అడగాలి. కొలవడానికి పూనుకున్నవాళ్ళందరూ ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు.

తిండి రుగ్మతలంటే ఆకలి మందగించడం కాదు, నాలుక చాపల్యమూ కాదు. అనొరెక్సియా నెర్వోసాలో మనిషి ప్రమాదకరమైన స్థాయికి చిక్కిపోయినా ఇంకా తిండి మానుకుంటూనే ఉంటుంది. బులీమియాలో అదుపు తప్పి తినడం, తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూడడం ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. అదుపు తప్పి తినడం మాత్రమే ఉండే రుగ్మతను అమెరికన్ సైకియాట్రిస్టుల జాబితా 2013లో విడి జబ్బుగా గుర్తించింది. ఇవి మగవాళ్ళకూ వస్తాయి. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళు మాత్రం ఎక్కువగా యువతులే. ఇక్కడ "ఆమె" అని రాస్తున్నది అందుకే.

ఈ జబ్బుల్లో తిండి కంటే ముందు చూడాల్సింది ఇంకేదో ఉందని గట్టిగా చెప్పినవారు హిల్డె బ్రూక్. జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీలు గద్దెనెక్కిన 1933లో దేశం వదిలి, ఇంగ్లండు మీదుగా అమెరికా చేరి, చివరికి హూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో స్థిరపడిన వైద్యురాలు. అనొరెక్సియా పేషెంట్లలో మూడు విషయాలను చూడాలని ఆమె 1962లో రాశారు. తమ దేహం ఎలా ఉందో సరిగ్గా కనబడకపోవడం మొదటిది. అన్నీ ఇతరుల కోసమే చేస్తున్నాం, మన చేతిలో ఏమీ లేదన్న నిస్సహాయత ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఆమె పెట్టిన అంశమే మనకిక్కడ కావాల్సింది. ఒంటి లోపలి నుంచి వచ్చే కబుర్లను పోల్చుకోలేకపోవడం. ఆకలి వేస్తోందో లేదో, కడుపు నిండిందో లేదో, అలసటో కాదో తెలియదు. భావాలదీ అదే పరిస్థితి. ఏదో కదులుతోందని తెలుస్తుంది. అది బాధో భయమో తేలదు.

దీనికి కారణం పసితనంలో ఉందని బ్రూక్ నమ్మారు. బిడ్డ ఎందుకు ఏడ్చినా పాలే పట్టే తల్లి దగ్గర పెరిగితే, ఆకలికీ మిగతా బాధలకూ తేడా నేర్చుకోదని ఆమె వివరణ. నేరమంతా తల్లుల నెత్తిన రుద్దే ఈ వాదనను ఇప్పటి వైద్యులు అంగీకరించరు. జన్యువుల వాటా పెద్దదేనని కవలల అధ్యయనాలు చూపించాయి. అయితే వివరణ నిలవకపోయినా పరిశీలన నిలిచింది. బ్రూక్ ఏ స్కేలూ వాడలేదు. పేషెంట్లతో గంటలకొద్దీ మాట్లాడి, విన్నది రాశారు, అంతే. కొలత పని ఆ తర్వాతివాళ్ళకు మిగిలింది.

వాళ్ళకు కావాల్సిన పేరు మాత్రం తిండి రుగ్మతల వైపు నుంచి రాలేదు. బోస్టన్‌లో పీటర్ సిఫ్నియోస్, జాన్ నెమియా అనే ఇద్దరు సైకియాట్రిస్టులు అల్సర్, ఆస్తమా లాంటి దేహ బాధలతో వచ్చేవాళ్ళను చూస్తుండేవారు. వాళ్ళలో కొందరు నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది పూసగుచ్చినట్టు చెప్పేవారు. "అప్పుడు మీకేమనిపించింది?" అంటే మాత్రం "నొప్పిగా అనిపించింది" అనేవారు. ఊహలు తక్కువ, కలల ఊసు తక్కువ, జరిగినవి జరిగినట్టు చెప్పడం ఎక్కువ. ఈ తీరుకు సిఫ్నియోస్ 1970ల మొదట్లో అలెక్సిథైమియా అని పేరు పెట్టారు. ఇది జబ్బు కాదు. పొడుగూ పొట్టీ లాగా మనుషుల్లో ఎక్కువ తక్కువలుగా ఉండే ఒక గుణం. ఫిన్లాండ్‌లో మామూలు జనాభాను పరీక్షించి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇది గట్టిగా ఉన్నవాళ్ళు 13 శాతం తేలారు, ఆడవాళ్ళకన్నా మగవాళ్ళే ఎక్కువ. భావాల గురించి నోరు విప్పని మగవాళ్ళను చూసిన ఎవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదనుకుంటాను.

అలెక్సిథైమియాను అంకెల్లోకి దించింది కెనడాలోని టొరంటో నగరం. గ్రేమ్ టేలర్, మైఖేల్ బాగ్బీ, జేమ్స్ పార్కర్ అక్కడ ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 1985లో 26 వాక్యాలతో మొదలై, 1994 నాటికి 20 వాక్యాలకు కుదిరింది. నేటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడేది ఈ టొరంటో స్కేలునే. ప్రతి వాక్యానికీ "అస్సలు కాదు" నుంచి "పూర్తిగా నిజం" దాకా ఐదు గడులుంటాయి, ఒకదాన్ని ఎంచుకోవాలి. 7 వాక్యాలు భావాన్ని గుర్తుపట్టడం గురించి, 5 దాన్ని ఇతరులకు చెప్పగలగడం గురించి, మిగతా 8 మనసు లోపలికి చూడకుండా బయటి సంగతుల మీదే ధ్యాస పెట్టే అలవాటు గురించి. మొత్తం 20కి తగ్గదు, 100కి మించదు. 51 వరకు వస్తే ఆ గుణం లేనట్టు, 61 నుంచి పైకి ఉన్నట్టు, మధ్యలోనివి అటూ ఇటూ తేలనివి.

ఈ 61 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అన్ని వాక్యాలకూ నడిమి గడినే, అంటే "అవుననీ కాదు, కాదనీ కాదు" అన్నదాన్నే ఎంచుకుంటే ఎంతొస్తుంది? ఇరవై మూళ్ళు అరవై. గీతకు ఒక్క మెట్టు కింద. తన లోపల ఏం జరుగుతోందో నిజంగానే తెలియని మనిషికి నడిమి గడి కన్నా నిజాయితీ గల జవాబు ఏముంటుంది? ఆ జవాబిచ్చినందుకు ఆమె "తేలనివాళ్ళ" లెక్కలో పడుతుంది. "నాకు నా భావాలు తెలియవు" అని గట్టిగా టిక్కు పెట్టాలంటే, తెలియడం లేదన్న సంగతైనా స్పష్టంగా తెలిసి ఉండాలి. స్కేలును విమర్శించేవాళ్ళు మొదట్నుంచీ ఎత్తిచూపే మెలిక ఇదే.

అయినా స్కేలు ఏదో పట్టుకుంది, కాదనలేం. 20 వాక్యాల రూపం ఇంకా రాకముందే, 1992లో టొరంటో బృందం ఒక చిన్న అధ్యయనాన్ని ప్రచురించింది. అనొరెక్సియా ఉన్న 48 మంది స్త్రీలు, లేని 30 మంది. అలెక్సిథైమియా గీత దాటినవాళ్ళు మొదటి గుంపులో 77 శాతం, రెండో గుంపులో 7 శాతం లోపే. జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది, ఎంత బరువు తగ్గింది అన్నవాటితో ఈ స్కోరుకు సంబంధం కనిపించలేదు. ఆ తర్వాత పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినా దిశ మారలేదు. అనొరెక్సియాలోనూ, బులీమియాలోనూ, అదుపు తప్పి తినే రుగ్మతలోనూ స్కోర్లు మామూలువాళ్ళ కన్నా ఎక్కువే. పైగా పెరిగేది ముఖ్యంగా మొదటి రెండు భాగాలే, గుర్తుపట్టడం, చెప్పడం. బయటి ధ్యాస గురించిన మూడో భాగంలో తేడా అంతగా ఉండదు.

అంటే ముగ్గురికి 61 వచ్చినా ఆ ముగ్గురూ ఒకలాంటివాళ్ళు కాకపోవచ్చు. ఒకరికి తన భావం తెలియదు. మరొకరికి తెలిసినా నోట రాదు. మూడో మనిషికి ఈ గొడవలంటేనే ఆసక్తి లేదు, క్రికెట్ స్కోరు చెప్పమంటే చెబుతాడు. మొత్తం ఒక్కటే చూసి కేస్ షీట్‌లో రాసుకునే వైద్యుడికి ఈ తేడా కనబడదు. నన్నడిగితే ఆ మొత్తాన్ని రాయడం మానేసి మూడు అంకెలు విడివిడిగా రాయాలంటాను.

అంతకన్నా పెద్ద ఇబ్బంది కుంగుబాటు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి అన్ని భావాలూ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. తన గురించి ఏమడిగినా చెడ్డ జవాబే ఇస్తుంది. తిండి రుగ్మతలున్నవాళ్ళలో డిప్రెషన్, ఆందోళన మామూలే. చాలా అధ్యయనాల్లో వీటిని కూడా కొలిచి లెక్కలోంచి తీసేస్తే, టొరంటో స్కేలు మీద కనిపించిన తేడా బాగా తగ్గింది, కొన్నిచోట్ల మాయమైంది. అంటే స్కేలు భావాలు తెలియకపోవడాన్ని కొలిచిందా, ఉత్త మనోవేదననే కొలిచిందా? కొంత అదీ, కొంత ఇదీ అయి ఉండాలి.

ఇక మరో ఇబ్బంది పస్తు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు ఇష్టపూర్వకంగా ముందుకొచ్చి 24 వారాలు అర్ధాకలితో గడిపారు. ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నారని ఏరి తెచ్చినవాళ్ళు. కొన్ని నెలల్లోనే ముభావంగా, చిరాగ్గా మారారు. స్నేహాలు తగ్గిపోయాయి, హాస్యం పోయింది, తిండి తప్ప దేని మీదా మనసు నిలవలేదు. ఎవరికీ తిండి రుగ్మత లేదు. పస్తు ఒక్కటే ఆ పని చేసింది. కాబట్టి చిక్కి శల్యమై ఆసుపత్రిలో చేరిన రోజునే ప్రశ్నావళి చేతిలో పెడితే, వచ్చిన స్కోరులో ఎంత ఆమె స్వభావం, ఎంత ఆమె ఖాళీ కడుపు అన్నది విడదీయలేం. బరువు కొంత పుంజుకున్నాక మళ్ళీ కొలవాలి. కోలుకున్నవాళ్ళ స్కోరు తరచూ ఇటు మామూలువాళ్ళకూ అటు పేషెంట్లకూ మధ్యలో నిలుస్తుంది. రెండు కారణాలూ ఉన్నాయనడానికి అదొక సూచన.

సరే, మనిషి తన గురించి తాను ఇచ్చుకునే తీర్పు మీద ఆధారపడకుండా కొలవలేమా? 1990లో రిచర్డ్ లేన్, గ్యారీ ష్వార్ట్జ్ అనే పరిశోధకులు వేరే దారి పట్టారు. వాళ్ళ పరీక్షలో "నీకు తెలుస్తుందా" అన్న ప్రశ్నే ఉండదు. 20 చిన్న సన్నివేశాలిస్తారు, ప్రతిదాంట్లో మీరూ ఇంకొకరూ ఉంటారు. మీకేమనిపిస్తుంది, అవతలి మనిషికేమనిపిస్తుంది, రాయాలి. తెలుగింట్లో జరిగేలా ఒకటి ఊహించి చూద్దాం. ఎప్పుడూ మీ పక్కనే పడుకునే అక్కకు పెళ్ళి కుదిరింది, పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళిపోతుంది. ఈ సంగతి ఆమె మీకు చెబుతోంది. "ఒంట్లో నీరసంగా ఉంటుంది" అని రాస్తే అది కింది మెట్టు, దేహం దగ్గరే ఆగిపోయింది. "లేచి బయటికి వెళ్ళిపోతాను" అంటే ఒక మెట్టు పైన. "బాధగా ఉంటుంది" అంటే ఒక స్పష్టమైన భావం. "అక్క కోసం సంతోషం, నేను ఒంటరినైపోతానన్న దిగులు, కొంచెం అసూయ కూడా" అంటే ఇంకా పైన. వీటితో పాటు అక్క మనసులో ఉన్న సంబరాన్నీ బెంగనూ కూడా విడిగా రాయగలిగితే ఆఖరి మెట్టు, 5 మార్కులు. మార్కులు పడేది ఏ భావమన్న దానికి కాదు, ఎంత విడదీసి చెప్పారన్న దానికి.

ఫ్రాన్స్‌లో ఈ పరీక్షను తిండి రుగ్మతలున్న స్త్రీలకు పెట్టి, ఫలితాలను 2005లో ప్రచురించారు. వాళ్ళకు తమ భావాల్లోనూ, ఎదుటివాళ్ళ భావాల్లోనూ మార్కులు తక్కువే వచ్చాయి. డిప్రెషన్ లాంటి జబ్బులతో సంబంధం లేకుండా ఆ లోటు కనిపించింది. విచిత్రమేమిటంటే ఒకే మనిషికి టొరంటో స్కేలూ ఈ పరీక్షా రెండూ పెడితే, ఆ రెండు ఫలితాలకూ పొంతన చాలా తక్కువ ఉంటుందని పలు అధ్యయనాలు తేల్చాయి. ఒకటి మనిషి తన గురించి తాను ఏమనుకుంటోందో కొలుస్తుంది. మరొకటి చేసి చూపించమంటుంది. ఈత వచ్చా అని అడగడానికీ నీళ్ళలోకి దిగమనడానికీ ఉన్నంత తేడా. టొరంటో బృందానికీ ఈ సంగతి తెలుసు. 2006లో వాళ్ళే 24 ప్రశ్నల ముఖాముఖీ పద్ధతిని తెచ్చారు. అందులో మార్కులు వేసేది పేషెంటు కాదు, ఎదురుగా కూర్చుని ఉదాహరణలడిగే నిపుణుడు. సమయం పడుతుంది, శిక్షణ కావాలి. అందుకే రద్దీ ఆసుపత్రుల్లో గెలిచేది ఎప్పుడూ ఐదు గడుల కాగితమే.

మూడో దారి ముఖాలు. భావం గుర్తుపట్టడం అనగానే మనస్తత్వవేత్తలు ఫోటోలు తీస్తారు. సైమన్ బారన్-కోహెన్ కేంబ్రిడ్జ్‌లో తయారుచేసి 2001లో సవరించిన పరీక్షలో 36 ఫోటోలుంటాయి. ముఖం ఉండదు, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. పక్కన నాలుగు మాటలు, సరైనది ఎంచాలి. ఆటిజం కోసం పుట్టిన ఈ పరీక్షను లండన్‌లోని పరిశోధకులు అనొరెక్సియాకూ వాడారు. కొన్ని అధ్యయనాల్లో పేషెంట్లు వెనకబడ్డారు, కొన్నింటిలో ఏ తేడా లేదు. ఇలా ఏళ్ళ తరబడి ఒకదానికొకటి పొసగని ఫలితాలు పోగుపడ్డాయి.

ఈ గందరగోళానికి సమాధానం ఆటిజం వైపు నుంచే వచ్చింది. ఎదుటివారి ముఖంలోని భావం పోల్చుకోలేకపోవడం ఆటిజం లక్షణమని అందరూ అనుకుంటున్న రోజుల్లో రిచర్డ్ కుక్, రెబెకా బ్రూయర్, జెఫ్రీ బర్డ్ తదితరులు 2013లో ఒక ప్రయోగం ప్రచురించారు. కంప్యూటర్‌లో ఒక మనిషి ముఖాన్ని మరో మనిషి ముఖంలోకి, ఒక భావాన్ని మరో భావంలోకి కొంచెం కొంచెంగా కలిపి చిత్రాలు చేశారు. ఆ ముఖం ఎవరిదో చెప్పమన్నప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. ఏ భావమో చెప్పడంలో మాత్రం కొందరు తడబడ్డారు. తడబడినవాళ్ళు ఆటిజం ఉన్నవాళ్ళు కాదు, అలెక్సిథైమియా ఎక్కువున్నవాళ్ళు. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి అలెక్సిథైమియా కూడా ఉంటుంది. అందువల్ల ఒకదాని నిందను మరొకటి మోస్తూ వచ్చింది.

2015లో ఇదే బృందం, లండన్‌లో అనొరెక్సియా చికిత్సకు పేరుపొందిన జానెట్ ట్రెజర్‌తో కలిసి, తిండి రుగ్మతల విషయంలో అదే ప్రశ్న వేసింది. పోలికకు తెచ్చుకున్నవాళ్ళు తిండి రుగ్మత లేనివాళ్ళే, అయితే అలెక్సిథైమియాలో పేషెంట్లతో సరిసమానంగా ఉన్నవాళ్ళు. అలా జతకూర్చి చూస్తే ముఖాల్లో భావాలు గుర్తుపట్టడంలో రెండు గుంపులకూ తేడా లేకుండా పోయింది. ఎవరు తడబడతారో చెప్పగలిగింది అలెక్సిథైమియా స్కోరే, తిండి రుగ్మత తీవ్రత కాదు. పాత అధ్యయనాలు ఒకదానికొకటి ఎందుకు పొసగలేదో దీంతో అర్థమవుతుంది. పేషెంట్లలో అలెక్సిథైమియా గలవాళ్ళు ఎక్కువ దొరికిన చోట తేడా వచ్చి ఉండాలి, తక్కువ దొరికిన చోట రాలేదు.

ఈ ఒక్క అధ్యయనం నాకు మిగతా అన్నిటికన్నా విలువైందిగా కనిపిస్తుంది. "తిండి రుగ్మత ఉన్నవాళ్ళకు ఇతరుల బాధ పట్టదు" అన్న మాట ఇళ్ళల్లో వినిపిస్తూనే ఉంటుంది. అన్నం ముందు కూర్చుని అమ్మ ఏడుస్తున్నా చలించదని బంధువులు విసుక్కుంటారు. ఆ మాట చాలామంది పేషెంట్ల విషయంలో నిజమే కాదు. కొందరి విషయంలో నిజమనిపించినా కారణం రాతిగుండె కాదు, లోపలి భావాన్ని చదవలేని ఇబ్బందే బయటి ముఖం దగ్గరా ఎదురవుతోంది.

లోపలి నుంచి చదవడమంటే ఎక్కడి నుంచి? గుండె నుంచేమో అన్నది మరో పరిశోధనా మార్గం. 1981లో జర్మన్ మనోవైజ్ఞానికుడు రైనర్ షాండ్రీ చెప్పిన పరీక్ష చాలా సులువు. నాడి పట్టుకోకుండా, కదలకుండా కూర్చుని, కొద్దిసేపు మీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో మనసులోనే లెక్కపెట్టాలి. మీ లెక్కను ఈసీజీ లెక్కతో పోలుస్తారు. అనొరెక్సియా ఉన్నవాళ్ళు ఇందులో వెనకబడుతున్నారని 2008లో ఓల్గా పొల్లాటోస్ బృందం చూపించింది. బ్రూక్ చెప్పినదానికి ఋజువు దొరికిందని చాలామంది సంతోషించారు. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఆ తేడా కనబడలేదు.

ఈ పరీక్షలో ఒక లొసుగు ఉంది. గుండె చప్పుడు ఏమాత్రం తెలియకపోయినా, నిమిషానికి డెబ్భైకి అటూ ఇటూ ఉంటుందని చదువుకున్నవాళ్ళు ఆ లెక్కన క్షణాలు లెక్కపెట్టి మంచి మార్కులు కొట్టేయగలరు. పస్తులతో చిక్కిన దేహంలో గుండె వేగం తగ్గిపోతుంది, 60 కంటే కిందికి పడిపోవడం మామూలు. గుండె 45 సార్లు కొట్టుకుంటున్న మనిషి డెబ్భై ఊహతో లెక్కపెడితే ఘోరంగా తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్నామె అదే ఊహతో గట్టెక్కుతుంది. ఇద్దరికీ తమ గుండె తెలియలేదు, ఒకరికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది.

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నీ పడమటి దేశాల భాషల్లో పుట్టినవి. మన దగ్గరికి తెస్తే ఏమవుతుంది? టొరంటో స్కేలును హిందీలోకి తెచ్చి సరిచూసే పని 1996లోనే జరిగింది. రాకేశ్ పాండే, మానస్ మండల్ అందులో టొరంటో వాళ్ళతో కలిసి పనిచేశారు. అనువాదం కుదరడం ఒక ఎత్తు, లోపలికి చూసుకోవడాన్ని గొప్పగా భావించని కుటుంబాల్లో మూడో భాగానికి అర్థం చెప్పుకోవడం మరో ఎత్తు. కెనడాలోనే చైనా మూలాలున్న విద్యార్థులనూ ఐరోపా మూలాలున్న విద్యార్థులనూ పోల్చిన జెసికా డెరె, ఆండ్రూ రైడర్ బృందం 2012లో ఒక సంగతి చెప్పింది. బయటి ధ్యాస భాగంలో చైనా మూలాలవాళ్ళ స్కోరు ఎక్కువ, ఆ తేడాకు కారణం వాళ్ళు పెరిగిన విలువలు. అది లోపం కాదు, పెంపకం. నలుగురిలో తన మనసు గురించి మాట్లాడడం పొగరుగా లెక్కేసే ఊళ్ళో పెరిగినవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

లేన్, ష్వార్ట్జ్ పరీక్షనే తెలుగులో పెట్టామనుకోండి. "కడుపు మండిపోయింది" అని ఒకావిడ రాసింది. దిద్దే మనిషి దీన్ని దేహం దగ్గర ఆగిపోయిన జవాబుగా తీసుకుని ఒక మార్కు వేస్తాడా, కోపంగా తీసుకుని మూడు వేస్తాడా? "గుండె చెరువైంది", "ఒళ్ళు మండింది", "కడుపు తరుక్కుపోయింది" అన్నీ ఈ కోవలోవే. తెలుగువాళ్ళు భావాలను ఒంటి మీదుగానే చెప్పుకుంటారు, చాలా కచ్చితంగానూ చెప్పుకుంటారు. ఇక ఇదే మాట తిండి రుగ్మత ఉన్న అమ్మాయి నోట వచ్చినప్పుడు నిజంగానే కడుపులో మంటేమో కూడా చూడాలి, వాంతులు చేసుకునేవాళ్ళకు అది ఉంటుంది. దిద్దేవాడు తెలుగువాడై ఉండాలి, డాక్టరు కూడా పక్కనుండాలి.

ఇన్ని లోపాలున్నా కొలవడం మానలేం. ఫ్రాన్స్‌లో పేషెంట్లను మూడేళ్ళపాటు వెంటాడి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లో టొరంటో స్కేలు తొలి భాగంలో, అంటే గుర్తుపట్టడంలో, ఎక్కువ ఇబ్బంది చెప్పినవాళ్ళు తర్వాత కోలుకోవడంలో వెనకబడ్డారు. డిప్రెషన్‌నూ జబ్బు తీవ్రతనూ లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం పోలేదు. మూడు భాగాల్లో భవిష్యత్తు గురించి కాస్త చెప్పగలిగింది ఆ భాగమే. మాటలతో చేసే చికిత్సలన్నీ "అప్పుడు ఏమనిపించింది" అన్న ప్రశ్న మీద నిలబడ్డవే. ఆ ప్రశ్నే అర్థం కాని మనిషికి నెలల చికిత్స గోడకు చెప్పినట్టే అవుతుంది. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో కేట్ చంతూరియా బృందం ఇలాంటివాళ్ళ కోసం చికిత్సకు ముందే కొద్ది వారాల శిక్షణ పెట్టింది. భావాలకు పేర్లు నేర్చుకోవడం, వాటిని ఒంట్లో పోల్చుకోవడం, సంతోషపు క్షణాలను గమనించడం. తిండి, బరువుల ప్రస్తావన అందులో కావాలనే తగ్గించారు.

సంతోషపు క్షణాలు అనడంలో ఒక కిటుకుంది. కొలిచినవాళ్ళు ఎక్కువగా బాధను గుర్తుపట్టడం మీదే దృష్టి పెడుతూ వచ్చారు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ సెల్బీ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో అనొరెక్సియా ఉన్న స్త్రీలు రోజులో పలుమార్లు, ఎక్కడున్నా అక్కడే, ఆ క్షణాన ఏమనిపిస్తోందో నమోదు చేశారు. ఎప్పుడో గుర్తుతెచ్చుకుని రాసే ప్రశ్నావళి కాదిది, అప్పటికప్పుడు పట్టుకునేది. మంచి భావాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేని వాళ్ళలో, అంటే గర్వం, హాయి, ఉత్సాహం, ఊరట అన్నీ ఒకే ముద్దగా అనిపించేవాళ్ళలో, మంచి భావాలు ఎక్కువైన కొద్దీ బరువు తగ్గించుకునే పనులూ ఎక్కువయ్యాయి. త్రాసు ముల్లు కిందికి దిగినప్పుడు కలిగే తృప్తికీ, పరీక్ష బాగా రాసినప్పటి తృప్తికీ, స్నేహితురాలితో నవ్వుకున్నప్పటి తృప్తికీ లోపల తేడా లేకపోతే, వాటిలో కోరుకున్నప్పుడల్లా సంపాదించుకోగలిగింది మొదటిదే.

టొరంటో స్కేలులో మంచి భావాలకూ చెడ్డ భావాలకూ విడివిడి లెక్కలు లేవు. 2018లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి డేవిడ్ ప్రీస్ బృందం తెచ్చిన 24 వాక్యాల ప్రశ్నావళి గుర్తుపట్టడాన్నీ చెప్పడాన్నీ మంచికి ఒకసారి, చెడుకు ఒకసారి అడుగుతుంది. తిండి రుగ్మతల క్లినిక్‌కు వచ్చి "బానే ఉన్నాను, చాలా హాయిగా ఉంది" అనే అమ్మాయిని, ఆ హాయి ఎలాంటిదని వేరుగా అడిగే కాగితం ఇప్పుడు ఒకటుంది.